గురువారం నా వాటాకు వచ్చిన పిల్లలు

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అది నేనూ ఒప్పుకుంటాను. రవిక చంక దగ్గర బిగుతైందని ఎవరైనా తిరిగి తెస్తే, తప్పు రవికది కాదు, నువ్వు తినే తిండిది అని మొహం మీదే అనేస్తాను. అయినా నా దగ్గరే కుట్టించుకుంటారు, కుట్టు బాగుంటుంది కాబట్టి. కానీ నా ప్రార్థన కూడా మంచిది కాదని ఊరు తేల్చిన రోజున మాత్రం నాకు నిజంగా భయం వేసింది. నోటినైతే పళ్ళ మధ్య పెట్టి ఆపుకోవచ్చు. ప్రార్థనను ఏం చేసుకోవాలి?

మాది కొనకనమిట్ల దిక్కు ఊరు. వాన పడితే కంది, పడకపోతే ఆకాశం వైపు చూపులు. ఊళ్ళో ఎక్కువమంది గొర్రెలు, మేకలు పెట్టుకున్నవాళ్ళు, లేదంటే తాతల నాటి నుంచి భూమి చేసుకునే రైతులు. చర్చికి పోయే కతోలిక కుటుంబాలు మావి ఒక్క వీధికి సరిపోతాయి. రేకుల కప్పు చర్చి. ఫాదర్‌గారు మార్కాపురం నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చి ఆదివారం పూజ చేసి పోతారు. ఆయన రాలేని వారం ఉపదేశిగారు ప్రార్థన నడిపిస్తారు.

ఆ ఉపదేశిగారి ఇంట్లో పాత బిస్కెట్ డబ్బా ఒకటుంది. దాని నిండా ఫొటోలు. ఫాదర్లు కావడానికి సెమినరీలో చదువుకుంటున్న పిల్లలవి. వాళ్ళను మేము బ్రదర్లంటాం. క్రిస్మస్ అయిపోయాక వచ్చే మొదటి గురువారం చర్చిలో ఇంటికొకరు కళ్ళు మూసుకుని ఆ డబ్బాలో చెయ్యి పెట్టాలి. చేతికి వచ్చిన పిల్లవాడు ఆ యేడు ఆ ఇంటి వాటా. ఫొటోను మరియమ్మ పటం కింద గోడకు పెట్టుకుని, గురువారం గురువారం సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి, ఈ బిడ్డ మధ్యలో జారిపోకుండా నిలబడాలి, గురుపట్టం పొంది ఫాదర్ కావాలి అని జపమాల చెప్పాలి. ముక్కూ మొహం తెలియని పిల్లలు. అయినా యేడు తిరిగేసరికి ఇంటివాళ్ళైపోతారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, మా వాడికి పరీక్షలంట, మీ వాడికి జ్వరం తగ్గిందా అని మాట్లాడుకుంటుంటే మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు నిజం కొడుకులే అనుకుంటారు.

నా వాటాకు వచ్చిన మొదటి పిల్లవాడికి చెవులు పెద్దవి. ఆ చెవులు చూసి, వీడు జనం బాధలు బాగా వింటాడులే అనుకున్నాను. యేడు తిరగకముందే సెమినరీ వదిలేసి పోలీసు పరీక్ష రాశాడు, కానిస్టేబుల్ అయ్యాడు. ఆత్మలను కాపాడతాడనుకుంటే బజారు కాపాడుతున్నాడని అందరం నవ్వుకున్నాం. రెండోవాడు పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడూ నవ్వారు గానీ, ఆ నవ్వులో నన్ను ఒక చూపు చూశారు. మూడోవాడు గిద్దలూరు వైపు పిల్లవాడు. ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే మూతి. వేసవి సెలవులకు మార్కాపురం దగ్గర చుట్టాలింటికి వచ్చి, ఈడు పిల్లలతో కలిసి ఈతకు పోయాడు. పలకరాయి తవ్వి వదిలేసిన గుంత. పైన ఎండకు నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, కింద ఎంత లోతో తవ్వినవాళ్ళకు కూడా గుర్తుండదు. పైకి తీసేసరికి పొద్దు గూకింది.

ఆ ఫొటోను గోడ మీద నుంచి తీయడానికి నాకు చేతులు రాలేదు. మా ఆయనే తీసి బైబిల్లో పెట్టాడు. ఆ తర్వాత నవ్విన వాళ్ళు లేరు.

మరుసటి యేడు డబ్బా వరసల మధ్య నుంచి వస్తూ నా దగ్గర ఆగలేదు. "నీకు ఈ యేడు విశ్రాంతి అక్కా," అంది ఉపదేశిగారి భార్య, నా మొహం చూడకుండా. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం పూజ కాగానే ఫాదర్‌గారి ముందుకు పోయి అడిగేశాను, నా ప్రార్థనలో పురుగుందా ఫాదర్ అని. ఆయన మంచివాడు. "కాకి వాలగానే తాటిపండు పడితే కాకి బరువుకు పడినట్టా అమ్మా?" అన్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. కానీ డబ్బా మాత్రం మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

మా ఇంటికి ఎదురిల్లు మా వదినది. మా ఆయనకు స్వయానా అక్క. ఆమెకు మొదటి రెండు కాన్పులూ నిలవలేదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మేరీమాత తిరునాళ్ళకు పోయి, పొట్ట పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, ఈ బిడ్డ బతికి బట్టకడితే నీకే ఇస్తాను తల్లీ, ఫాదర్ని చేస్తాను అని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. వాడు నన్ను అత్తా అని పిలుస్తాడు.

మొక్కు అంటే మా వదినకు తెలిసింది చర్చిలో విన్నది కాదు, గోడ అవతల చూసింది. ఆమె దొడ్డికీ, గొర్రెలవాళ్ళ దొడ్డికీ ఒకటే గోడ. వాళ్ళు అమ్మవారికి మొక్కుకున్న పొట్టేలుకు పిల్లప్పుడే చెవి కొస కోస్తారు. ఇక దాన్ని కట్టెయ్యరు, కొట్టరు, అమ్మరు. ఎవరి చేలో పడినా అదిలించరు. అడ్డూ ఆపూ లేకుండా మేస్తుంది, జాతర దాకా. ఒక కరువు యేడు వాళ్ళు అట్లాంటి పొట్టేలును పామూరు సంతలో అమ్మేశారు. ఆ వానాకాలమే మందకు రోగం తగిలింది. మొక్కు తప్పితే ఇట్లనే అయితది అని ఊరంతా అంది. చచ్చిన గొర్రెలను దొడ్డి వెనక గుంత తీసి పూడుస్తుంటే వదిన గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడింది. చంకలో పిల్లవాడున్నాడు.

వాణ్ణి కూడా అట్లాగే పెంచింది. తిట్టదు, అదిలించదు, పని చెప్పదు. ఒకసారి వాడు నా కత్తెర తీసుకుపోయి బురదలో పొడుస్తుంటే వీపున ఒక్కటి వేశాను. వదిన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కొట్టొద్దమ్మే, వాడు మనోడు గాదు," అంది. పిల్లవాడు ఏడుపు ఆపేసి తల్లి మొహం వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

పదో తరగతి కాగానే సెమినరీకి పోయాడు. వీధి వీధంతా సాగనంపింది. ఏళ్ళు గడిచాయి. వదిన ఇంటికి ఆ గౌరవమే వేరు. పెళ్ళిళ్ళకు ముందు వరసలో కుర్చీ, చర్చిలో మొదటి చాప. ఫాదర్ తల్లి అని ఇప్పటినుంచే పిలిచేవాళ్ళు. ఆమె మాత్రం ఆ పిలుపుకు వెంటనే పలికేది కాదు.

మూడేళ్ళ కిందట వేసవి సెలవులకు వచ్చినప్పుడు వాణ్ణి చూసి నాకు గుండె జారింది. చెంపలు పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. తిండి ముందు పెడితే కలుపుతూ కూర్చుంటాడు. పగలంతా దొడ్డి గోడ మీద కూర్చుని అవతల పొట్టేలును చూస్తుంటాడు. ఆ యేడు మొక్కుబడిది నల్లటి పొట్టేలు, కొమ్ములు తిరిగి బాగా బలిసి ఉంది.

"దీన్ని ఎప్పుడు కోస్తారు అత్తా?" అని అడిగాడు ఒకరోజు.

"వచ్చే యేటి జాతరకి. నీకెందుకురా?"

"దానికి తెలుసా?"

"తెలిస్తే అంత మేత మేస్తదా?"

"తెలిసే మేస్తాదేమో. ఇంకేం చేస్తాది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను సూదిలో దారం ఎక్కించబోయి ఎక్కించలేక పక్కన పెట్టాను.

ఆ తర్వాత క్రిస్మస్ పోయింది. డబ్బా తిరిగింది, నన్ను దాటి తిరిగింది. కొన్నాళ్ళకు ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని వేళ, వదిన మా ఇంటికి వచ్చింది. వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఏంది వదినా, ఇంత ఎండలో?"

జాకెట్టులోంచి ఒక ఫొటో తీసి కుట్టు మిషన్ మీద పెట్టింది. వాడిదే, మేనల్లుడిది.

"ఈ యేడు ఉపదేశిగారింటికి వచ్చినాడు. వాళ్ళ గోడ మీద నుంచి పీకి తెచ్చినా," అంది.

"పీకినావా? ఆమె ఊరుకుందా?"

"నీళ్ళకు పోయింది. నువ్వు పెట్టుకో అమ్మే. గురువారం ప్రార్థన చెయ్యి."

ఆమె ఏమడుగుతోందో నాకు తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక లేచి నిలబడ్డాను. "నేనేమన్నా చేతబడి చేసేదాన్నా వదినా? ఊరంతా అనింది చాలదని నువ్వు కూడా వచ్చినావా నా ఇంటికి?"

"అరవొద్దు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది," అంది వదిన. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఇంకా తిట్టి పంపేదాన్ని. "వాడు ఆడ బతకడమ్మే. ఫోన్లో గొంతు వింటే తెలుస్తాది నాకు. బాగున్నానమ్మా అంటాడు. ఆ బాగున్నానులో ప్రాణం లేదు."

"అట్లయితే రమ్మని చెప్పు."

"ఇచ్చినదాన్ని నేను గదా. ఇచ్చి మళ్ళీ నా నోటితో నేనే అడిగితే మొక్కు తప్పినట్టు గాదా? అవతల మందకు ఏమయిందో చూల్యా నువ్వు? నేను రమ్మంటే వాడు వస్తాడు. ఇంటికొచ్చినాక నా చేతుల్లోనించే తీసుకుంటాడు దేవుడు."

"ఫాదర్‌గారిని అడుగుదాం పా. ఒకరి బతుకును ఇంకొకరు మొక్కడమేందని ఆయనే చెప్తాడు."

"ఆయనకేం, ఆయనకు పిల్లలున్నారా?" అంది.

ఇంకో సమయంలో అయితే పడీపడీ నవ్వేదాన్ని. ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్య నిలబడి నన్ను చూస్తోంది. ఆమెకు కావలసింది కొడుకు ఇంటికి రావడం. ఆమె అడిగినట్టు మాత్రం ఉండకూడదు. దేవుడి లెక్కలో అది నా వల్ల జరిగినట్టుండాలి.

"ఏమని చెయ్యమంటావు? వీణ్ణి ఇంటికి పంపు తండ్రీ అనా?"

"గాదు గాదు!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అందరికీ ఎట్ల చేసినావో అట్లనే చెయ్యి. ఫాదర్ కావాలనే అడుగు. మనసారా అడుగు. లోపల వేరేది పెట్టుకుంటే పనిచెయ్యదు."

గుమ్మం దాకా పోయి, తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరగకుండానే అంది: "మొదటోడు వచ్చినట్ట రావాలమ్మే. మూడోడు వచ్చినట్ట గాదు."

ఆమె పోయాక ఫొటోను మిషన్ మీద బోర్లా పెట్టి రవికలు కుట్టుకున్నాను. రెండు కుట్లు తప్పాయి, విప్పి మళ్ళీ వేశాను. ఆమె మీద కోపం, ఊరి మీద కోపం, డబ్బా మీద కోపం. నేను నమ్మను. ఆడిపోసుకోవడానికి నోళ్ళకు ఏదో ఒకటి కావాలి, నేను దొరికాను. నమ్మనప్పుడు ప్రార్థన చేస్తే ఏం? వాడు నిలబడితే నా మీద పడ్డ మాట పోతుంది. వాడు ఇంటికొస్తే వదిన కడుపు చల్లబడుతుంది. ఎటైనా మంచిదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో సంగతి మనసులోకి రానియ్యలేదు.

ఫొటోను గోడకు పెడితే ఎవరైనా చూస్తారని బీరువా తలుపుకు లోపలి వైపు అంటించాను. గురువారం పొద్దు వాలుతుండగా తలుపు తెరిచి, కొవ్వొత్తి ముట్టించి కూర్చున్నాను. బట్టల మధ్య నుంచి వాడు నన్ను చూస్తున్నాడు. తెల్ల చొక్కా, పక్కపాపిడి. మనసారా అడగాలంది వదిన. మనసారా ఎట్లా అడగాలి, అడిగితే ఏమవుతుందో భయం పెట్టుకుని? కానీ జపమాల సగానికి వచ్చేసరికి నాకు కళ్ళ ముందు వాడు బలిపీఠం దగ్గర నిలబడి కనిపించాడు. మా రేకుల చర్చిలో, మా వీధి పిల్లవాడు, నా చేతి దెబ్బ తిన్నవాడు, పూజ చేస్తున్నాడు. మెట్ల కింద నిలబడి వాడి చేతి నుంచి నేను సత్ప్రసాదం తీసుకుంటున్నాను. నాకు కన్నీళ్ళు ఆగలేదు. నిజంగానే కావాలనిపించింది. వీణ్ణి నిలబెట్టు తండ్రీ, వీణ్ణి ఫాదర్ని చెయ్యి అని పైకే అన్నాను. ఆమెన్ అన్నాక భయమేసింది. అంత మనసారా నేను ముగ్గురిలో ఎవరి కోసమూ అడగలేదు.

కొవ్వొత్తి ఆరలేదు. కుక్క మొరగలేదు. ఏమీ జరగలేదు. పక్క గురువారం కూడా అట్లాగే చేశాను, ఆ పక్క గురువారమూ.

ఈలోపు ఫొటో పోయిందని ఉపదేశిగారి భార్య చర్చిలో అందరి ముందూ చెప్పింది. గోడకు పెట్టింది పెట్టినట్టే మాయమైందంట. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి సిలువ గుర్తు వేసుకున్నారు. వదిన కూడా వేసుకుంది. నేనూ వేసుకున్నాను. ఇది మంచి సూచన గాదు అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఈస్టరు ముందరి తపస్సుకాలం వచ్చింది, పోయింది. చర్చి దగ్గరి బోరు ఎండింది. గోడ అవతల పొట్టేలు మెడ మీద కొవ్వు మడతలు పడింది. నేనూ వదినా ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆమె వీధిలో పోతూ నా కిటికీ వైపు చూసేది, నేను తల ఊపేదాన్ని, అంతే. మా ఇంట్లో ఫోన్ మోగితే మాత్రం ఎదురింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

ఒక ఉదయం ఆ ఫోన్ వాళ్ళింట్లోనే మోగింది. సెమినరీ నుంచి ఫాదర్. మీ అబ్బాయి బాగా ఆలోచించుకుని తన మార్గం ఇది కాదని చెప్పాడు, మేము దీవించి నిన్న సాయంత్రమే రైలు ఎక్కించాం, క్షేమంగా చేరాడా అని అడిగారు.

చేరలేదు. రైలు ఎప్పుడో తెల్లారే వచ్చి పోయింది. వాడి ఫోన్ పనిచేయడం లేదు. మా ఊరి ఆటో అతను, తెల్లారి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగుతుంటే చూసినా, రమ్మంటే నువ్వు పో అన్నాడు అని చెప్పాడు. మధ్యాహ్నం దాకా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాం. ఆ తర్వాత మా ఆయనా, వాడి నాయనా, ఇంకా నలుగురు మగవాళ్ళూ బండ్లు తీశారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పలకరాయి గుంతల వైపు పోయారు.

వదిన వచ్చి నా మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. నీళ్ళిస్తే పుచ్చుకోలేదు. "ఏమని అడిగినావు?" అంది.

"నువ్వు చెప్పినట్టే."

"మనసారా?"

"మనసారా వదినా."

ఆమె తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. నాకు ఆమెను తిట్టాలని ఉంది, పట్టుకుని ఏడవాలని ఉంది. రెండూ చెయ్యలేదు. మిషన్ చక్రం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ నేల మీద నుంచి గోడ ఎక్కింది. మగవాళ్ళ నుంచి కబురు లేదు. కబురు రాకపోవడమే మేలని ఒకసారి, రాకపోతే ఎట్లా అని ఒకసారి అనిపించింది.

గొర్రెలు ఇంటికి మళ్ళే వేళకు వెనక తలుపు మెల్లగా కదిలింది. వెళ్ళి చూస్తే వాడు. గొర్రెల దొడ్ల వెంబడి ఊరి వెనక నుంచి వచ్చాడు. చేతిలో సంచి, కాళ్ళ నిండా దుమ్ము.

"అత్తా, అమ్మకేం కాలేదు గదా?" అన్నాడు.

"మీ అమ్మకేమైతది! నువ్వు యాడ చచ్చినావురా పొద్దుట్నించి?" ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కొరుక్కున్నాను.

"స్టేషన్లోనే కూచున్నా. కాళ్ళు రాలేదు." "నేను బయటికొస్తే అమ్మ పోతాదని తెలుసు అత్తా. చిన్నప్పట్నించీ తెలుసు. ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తి, అమ్మ పోయింది అంటారేమోనని ఆపేసినా. మా ఇంటి ముందు జనం ఉన్నారేమో నీ కిటికీలోంచి చూద్దామని ఇట్ల వచ్చినా."

మొక్కు తప్పితే కొడుకు పోతాడని తల్లి, తల్లి పోతుందని కొడుకు. ఇన్నేళ్ళూ ఒకరి ప్రాణం ఒకరు మోస్తూ బాగున్నానంటే బాగున్నానని చెప్పుకున్నారు. నా కళ్ళు మసకబారాయి. తిరిగి చూస్తే వదిన నా వెనక నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు, అంతా విన్నది. వాడి చొక్కా, తల, చేతులు తడిమి తడిమి చూసింది. తడి ఏమైనా ఉందేమోనని చూస్తోందని నాకు ఒక్కదానికే తెలుసు.

వీధికి తెలియడానికి ఎంతసేపు! ఉపదేశిగారి భార్య ముందు వచ్చింది, వెనక మిగతావాళ్ళు. నా ఇంట్లోంచి వాడు బయటికి వచ్చేసరికి అందరూ నన్నే చూశారు. ఫొటో ఎక్కడికి పోయిందో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. వదిన ఒక్క క్షణం ఆ మొహాలన్నీ చూసింది. చూసి నా మీదికి తిరిగింది.

"నీ నోరు పడిపోను! దేవునికిచ్చిన బిడ్డను లాక్కొచ్చినావు గదే! నీ కూతురికి చేసుకుందామనే గదే ఇదంతా!"

నాకు ఒక్కతే కూతురు, ఒంగోలులో నర్సింగ్ చదువుతోంది. మేనమామ కూతురంటే మా వైపు పుట్టగానే ఒక లెక్క ఉంటుంది. ఊరు ఆ మాటను టక్కున అందుకుంది. వదిన రొమ్ము బాదుకుంటూ తిట్టింది, మన్ను పోసింది, నా తాతలను కూడా వదలలేదు. ఒక చేత్తో అవన్నీ చేస్తూ రెండో చేత్తో కొడుకు చొక్కా అంచు పట్టుకునే ఉంది. పిడికిలి తెల్లబడేటట్టు పట్టుకుంది. అంత తిట్టినా ఒక్కసారి కూడా వదల్లేదు.

ఆ తిట్లు నా కోసం కాదు, పైనున్నవాడికి వినిపించడానికి తిట్టింది. నేను గాదు, ఇదే చేసింది అని. నేను గడప మీద నిలబడి అంతా పడ్డాను. నేను నోరు మూసుకోవడం మా ఊరు చూసింది ఆ ఒక్కసారే.

వాడి చెంపలు రెండు నెలల్లో నిండాయి. తిండి పెడితే తింటున్నాడు. మార్కాపురంలో ఒక లారీ మీద క్లీనర్‌గా చేరి, పని నేర్చుకుని, లైసెన్స్ తెచ్చుకుని, ఇప్పుడు తనే తోలుతున్నాడు. పలకరాయి లోడు వేసుకుని కంభం మీదుగా గిద్దలూరు, గిద్దలూరు దాటాక నల్లమల ఘాటు, అవతల నంద్యాల. జాతరకు నల్ల పొట్టేలును కోసిన రోజు వాడు లోడు మీద ఉన్నాడు. వదిన తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది.

పిల్లవాడి మొహంలో నవ్వు వచ్చింది, తల్లి మొహంలోది పోయింది. వాడు దగ్గితే లేచి కూర్చుంటుంది. ఘాటులో వాన అంటే అన్నం మానేస్తుంది. దేవుడు మరిచిపోలేదు, తీరిక చూసుకుని వస్తాడు అన్నట్టుగా బతుకుతోంది. బయటికి మాకు మాటల్లేవు. కానీ వాడు మొదటిసారి ఒక్కడే బండి తోలుకుపోయిన మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ చూసి వచ్చి మళ్ళీ నా మిషన్ పక్కన కూర్చుంది.

"పోయినాడమ్మే ఘాటుకు. నీ ప్రార్థనకు బలముంది. క్షేమంగా రావాలని ఒక్క..." అని అక్కడే ఆగిపోయింది. నేను ఆమె మొహం చూశాను, ఆమె నా మొహం చూసింది. ఆమె మొహంలో నెత్తురు దిగిపోవడం నా కళ్ళారా చూశాను.

"వద్దు," అంది లేస్తూ. "వద్దమ్మే. చెయ్యొద్దు. వాని పేరు నువ్వు ఎత్తొద్దు. నా మీద ఒట్టు."

"ఎత్తను వదినా," అన్నాను.

నేను నమ్మను. ఇప్పటికీ ఎవరు అడిగినా నమ్మననే చెప్తాను. కాకి, తాటిపండు, అంతే. కానీ గురువారం సాయంత్రం జపమాల చేతిలోకి తీసుకుంటే మా ఆయన పేరు చెప్తాను, కూతురి పేరు చెప్తాను, ఆ చెవుల కానిస్టేబుల్‌ను, పెళ్ళి చేసుకున్నవాణ్ణి, గుంతలో పోయినవాడి తల్లిని తలుచుకుంటాను. ఎవరి కోసమూ ఏమీ అడగను, పేర్లు చెప్పి ఊరుకుంటాను. వాడి దగ్గరికి వచ్చేసరికి పేరు కూడా చెప్పను. గింజలు గబగబా జరిపేస్తాను. అందరికంటే ఎక్కువగా అడగాలనిపించేది వాడి కోసమే.

మొన్న గురువారం లోడు ఎక్కించుకుని, ఇంట్లో అన్నం తిని పోదామని లారీని వీధి చివర ఆపాడు. పోతూ నా కిటికీ దగ్గర నిలబడ్డాడు. గిద్దలూరు వైపు ఆకాశం నల్లగా ఉంది.

"అత్తా, ఒకటి అడుగుతా. కోప్పడొద్దు."

"అడుగు."

"అందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేస్తావంట. మామ చెప్పినాడు. నా పేరు మాత్రం ఎత్తవంట గదా." నేల చూస్తూ అడిగాడు. "నేను సెమినరీ నుంచి వచ్చేసినానని నీకు ఇంకా కోపమేనా అత్తా?"

"నీ మొహం. పో పో, వాన వచ్చేలోగా ఘాటు దాటు," అని కసిరాను.

వాడు చిన్నబోయి తల ఊపి వెళ్ళిపోయాడు. లారీ కదిలింది. ఎదురింటి గుమ్మంలో వదిన ద్వారబంధం పట్టుకుని నన్నే చూస్తోంది. వీణ్ణి క్షేమంగా తీసుకురా తండ్రీ అన్న మాట గుండెలోంచి లేచి నాలుక దాకా వచ్చేసింది. పైట కొంగు నోట్లో కుక్కుకుని, లారీ రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా అట్లాగే నిలబడ్డాను, ఒక్క అక్షరం కూడా దేవుడి చెవిన పడకుండా.